సరుకు దిగాక, సంతకానికి ముందు: పాఠకుల ప్రశ్నలకు జవాబులు

ఈసారి వచ్చిన ఉత్తరాలన్నీ దాదాపు ఒకే గదిలో కూర్చుని రాసినట్టున్నాయి. స్టోర్స్ పక్కన, లోడు దిగే చోటికి దగ్గర్లో ఉండే ఇన్‌కమింగ్ ఇన్‌స్పెక్షన్ గది అది. నా ఉద్యోగంలో పెద్ద భాగం అక్కడే గడిచింది కాబట్టి కొన్నిటికి జవాబు కాస్త పొడవుగానే రాస్తున్నాను. ప్రశ్న ఏదైనా నేను మొదట అడిగేది ఒకటే: మీరు చేస్తున్న పరీక్షకు ఏ లోపం కనిపించదు? అది తెలుసుకోకుండా కొట్టే 'పాస్' ముద్ర మీద నాకు నమ్మకం లేదు.

ప్రశ్న: మేడమ్, నమస్కారం. మా దగ్గర ఏ సరుకు వచ్చినా లాట్‌లో పది శాతం తీసి చూస్తాం. ఒక్క పీస్ చెడ్డదని తేలినా లాట్ మొత్తం వెనక్కి పంపేస్తాం. పెద్ద లాట్‌కు పెద్ద శాంపిల్, చిన్న లాట్‌కు చిన్న శాంపిల్. ఇంతకన్నా న్యాయమైన పద్ధతి ఉంటుందా? కొత్తగా చేరిన ఇంజనీరు మాత్రం ఇది తప్పని వాదిస్తున్నాడు.
– ఒక స్టోర్స్ ఇన్‌చార్జి

జవాబు: ఆ అబ్బాయి చెప్పింది నిజమండీ. ఒక కాగితం తీసుకుని లెక్క వేసి చూడండి. 50 పీసుల లాట్ వచ్చింది, అందులో ఒకటి చెడ్డది. అంటే 2 శాతం. మీరు 5 తీస్తారు. చెడ్డది ఆ ఐదింట్లో పడకుండా తప్పించుకునే అవకాశం 100కు 90. ఇప్పుడు 1000 పీసుల లాట్, అందులో 20 చెడ్డవి. ఇదీ 2 శాతమే. మీరు 100 తీస్తారు. వాటిలో ఒక్క చెడ్డదీ తగలకుండా లాట్ పాసయ్యే అవకాశం 100కు సుమారు 12. సరుకు నాణ్యత ఒక్కటే, మీ తీర్పు మాత్రం రెండు రకాలు. చిన్న చిన్న లాట్లుగా పంపే సప్లయర్ సులువుగా గట్టెక్కుతాడు. అదే సరుకును ఒక్కసారిగా పంపినవాడి లారీ వెనక్కి తిరుగుతుంది.

శాంపిల్‌కు బలం వచ్చేది ఎన్ని పీసులు చూశామన్న దాని నుంచి. లాట్‌లో ఎన్నో వంతు చూశామన్నదానికి అందులో పాత్ర చాలా తక్కువ. 1920ల చివర్లోనే బెల్ టెలిఫోన్ లాబొరేటరీస్‌లో హెరాల్డ్ డాడ్జ్, హ్యారీ రోమిగ్ దీన్ని లెక్కగట్టి పట్టికలు తయారుచేశారు. రెండో ప్రపంచ యుద్ధ కాలంలో సైన్యానికి కుప్పలుగా వచ్చిపడే సరుకును చూడాల్సి రావడంతో ఈ పద్ధతి పెద్దఎత్తున వాడకంలోకి వచ్చింది. 1950లో అమెరికా సైన్యం మిల్-స్టాండర్డ్-105 పేరుతో పట్టికలు వెలువరించింది. ఇప్పుడు అంతటా వాడుతున్న ఐఎస్ఓ 2859-1 ఆ కోవలోదే.

ఆ పట్టిక ప్రకారం 501 నుంచి 1200 పీసుల లాట్‌కు, మామూలు స్థాయి తనిఖీలో, 80 పీసులు తీయాలి. ఏక్యూఎల్ (ఒప్పుకోదగిన నాణ్యత హద్దు) 1.0 అనుకుంటే 2 చెడ్డవి దొరికేదాకా లాట్ పాస్, మూడోది దొరికితే రిజెక్ట్. చాలామంది ఇక్కడితో చదవడం ఆపేస్తారు. ఏక్యూఎల్ 1.0 అంటే నూటికి ఒకటి చెడ్డది పంపవచ్చని సప్లయర్‌కు ఇచ్చిన అనుమతి అనుకుంటారు. అది అనుమతి కానే కాదు. పైగా ఈ 80 పీసుల తనిఖీ నుంచి ఏం జారిపోతుందో చూడండి. లాట్‌లో 1 శాతం చెడ్డవి ఉంటే 100 లాట్లలో 95 పాసవుతాయి. 3 శాతం ఉంటే 57 పాసవుతాయి. 5 శాతం చెడ్డవి ఉన్న లాట్లు కూడా నూటికి 23 మీ కళ్ల ముందే లోపలికి వెళ్లిపోతాయి. సున్నా దొరికినా సంతోషించడానికి తొందరపడకండి. పెద్ద లాట్‌లోంచి 80 తీసి ఒక్క లోపమూ చూడనప్పుడు, 95 శాతం ధీమాతో చెప్పగలిగింది ఇంతే: చెడ్డవి 3.7 శాతానికి మించి లేవు. '1 శాతానికి మించి లేవు' అని అంతే ధీమాగా అనాలంటే సుమారు 300 చూడాలి, ఒక్కటీ చెడ్డది దొరక్కూడదు.

మరి ఇంత జల్లెడలాంటి పట్టికను ఎందుకు వాడటం అంటారా? దాని అసలు బలం ఒక లాట్ మీద చెప్పే తీర్పులో లేదు, లాట్ వెంట లాట్ చూస్తూ మారే నియమాల్లో ఉంది. వరసగా వచ్చిన ఐదు లాట్లలో, లేదా అంతకంటే ముందే, రెండు రిజెక్ట్ అయితే కఠిన తనిఖీకి మారాలి. అప్పుడు అదే 80 పీసుల్లో 1 దాకానే ఒప్పుకుంటారు, రెండోది దొరికితే రిజెక్ట్. వరసగా ఐదు లాట్లు పాసయితేనే మళ్లీ మామూలు తనిఖీ. కఠిన తనిఖీలోనూ మొత్తం ఐదు లాట్లు రిజెక్ట్ అయితే, సప్లయర్ తన లోపం సరిదిద్దుకునేదాకా తనిఖీయే ఆపేయాలి. పట్టిక గోడకు అంటించి, ఈ నియమాలను వదిలేసిన చోట్లు నేను చాలా చూశాను. అలా వాడితే ఆ పట్టిక మీ పది శాతం పద్ధతి కన్నా పెద్ద గొప్పదేమీ కాదు.

ఇంకో సంగతి. ఎన్ని తీశారన్నది సరే, ఎక్కడినుంచి తీశారు? లారీ తలుపు తెరవగానే చేతికి అందే పెట్టెల్లోంచి, పెట్టెలో పై వరసలోంచి తీసిన 80 పీసులు ఆ పై వరసల గురించే చెబుతాయి. మధ్యలో టూల్ అరిగినప్పుడు తయారైన పీసులు అడుగు ప్యాలెట్‌లో ఉంటే మీ శాంపిల్‌కు వాటి ఊసే తెలీదు. లోడు దిగకముందే ప్యాకింగ్ లిస్టు చూసి పెట్టెల నంబర్లు చీటీల మీద రాయండి. చీటీలు కలిపి తీయండి. ఏ నంబరు వస్తే ఆ పెట్టె, అది ఎంత అడుగున ఉన్నా సరే, ఫోర్క్‌లిఫ్ట్‌తో బయటికి తీయించండి. స్టోర్స్‌వాళ్లు విసుక్కుంటారు. అయినా వదలకండి. ఒకే ఇన్‌వాయిస్ మీద వచ్చింది కదా అని ఒకే లాట్ అనుకోవద్దు కూడా. తయారీ తేదీ, మెషీన్, ముడిసరుకు హీట్ నంబర్ (ఒక్కో విడత కరిగించి పోసిన లోహానికి ఇచ్చే నంబరు) వేరైతే అవి వేర్వేరు లాట్లు.

ప్రశ్న: మేం స్టెయిన్‌లెస్ స్టీల్ బార్లు కొంటాం. ప్రతి లోడుతో మిల్ టెస్ట్ సర్టిఫికెట్ వస్తుంది, అందులో అంకెలన్నీ హద్దుల్లోనే ఉంటాయి. మేమూ అయస్కాంతం పెట్టి చూస్తాం, అంటుకోదు. ఇంకేమైనా చూడాలా?
– కొనుగోళ్ల విభాగం నుంచి

జవాబు: చూడాలి. అయస్కాంతం మీకు చెప్పేది చాలా కొంచెం. స్టెయిన్‌లెస్ స్టీల్ రకాల్లో 304 దానికి అంటదు, 316 కూడా అంటదు. బార్‌ను వేడి చేయకుండా లాగి తయారుచేసి ఉంటే అసలైన 304 కూడా కాస్త అంటుకోవచ్చు, అది చూసి మంచి సరుకును రిజెక్ట్ చేసినవాళ్లూ ఉన్నారు. 316లో ఉండే 2 నుంచి 3 శాతం మాలిబ్డినమ్ వల్లే అది ఉప్పునీటిని, క్లోరైడ్లను 304 కన్నా బాగా తట్టుకుంటుంది. 316 అడిగితే 304 వచ్చిందనుకోండి, చూపుకు తేడా తెలీదు. మెరుపు ఒకటే, బరువు దాదాపు ఒకటే. కొన్నాళ్లకు గుండుసూదితో పొడిచినట్టు చిన్న చిన్న గుంటలు పడి, లోపల్లోపల తినేసుకుంటూ పోతుంది.

చేత్తో పట్టుకుని, ఎక్స్-కిరణాలతో లోహంలోని మూలకాలను చదివే ఎక్స్‌ఆర్ఎఫ్ గన్ ఉంటే ఈ తేడా కొన్ని సెకన్లలో తేలుతుంది. బార్ చివర నూనె, మురికి తుడిచి, చిన్న చోట గ్రైండ్ చేసి, గన్ మూతి ఆనించి నొక్కండి. తెర మీద క్రోమియం, నికెల్, మాలిబ్డినమ్ అంకెలు వరసగా వస్తాయి. ఆ గన్ను చూసి మురిసిపోకముందు దానికి కనిపించనిదేదో కూడా తెలుసుకోండి. దానికి కార్బన్ కనిపించదు. 304కూ 304ఎల్‌కూ ఉన్న ముఖ్యమైన తేడా కార్బనే: 304ఎల్‌లో 0.03 శాతం దాటకూడదు, 304లో 0.07, 0.08 దాకా ఉండొచ్చు. మీరు ఆ బార్లను వెల్డింగ్ చేస్తారనుకుందాం. కార్బన్ ఎక్కువైతే వెల్డు పక్కన వేడి తగిలిన చోట అది క్రోమియంతో కలిసి కార్బైడ్ అవుతుంది, రేణువుల అంచుల్లో క్రోమియం తగ్గిపోతుంది, తుప్పు సరిగ్గా అక్కడే మొదలవుతుంది. 304ఎల్ అని నిర్ధారించాలంటే స్పార్క్ స్పెక్ట్రోమీటర్ గానీ, కార్బన్ చదవగల లేజర్ పరికరం గానీ కావాలి. మీ దగ్గర లేకపోతే ల్యాబ్‌కు ముక్క పంపండి.

ఇక సర్టిఫికెట్. ఈఎన్ 10204 అనే యూరప్ ప్రమాణం ప్రకారం అది ఏ రకమో ముందు చూడండి. 2.1 అంటే 'మీరు అడిగినట్టే ఇచ్చాం' అని తయారీదారు రాసిచ్చిన మాట, అందులో పరీక్ష ఫలితాలే ఉండవు. 2.2లో ఫలితాలు ఉంటాయి గానీ అవి మీకొచ్చిన సరుకు మీద చేసిన పరీక్షలవే కానక్కర్లేదు. 3.1 అయితే మీ సరుకు మీదే పరీక్ష చేసి, ఉత్పత్తి విభాగంతో సంబంధం లేని తనిఖీ అధికారి ధ్రువీకరిస్తారు. 3.2లో దానికి తోడు కొనుగోలుదారు తరఫు ప్రతినిధో, బయటి తనిఖీదారో కూడా ధ్రువీకరించాలి. ఆర్డర్‌లో ఏది కావాలో మీరు రాయకపోతే 2.1 పంపినా మీరు అడగలేరు.

తర్వాత బార్ మీద గుద్దిన హీట్ నంబర్, కాగితం మీది హీట్ నంబర్ పక్కపక్కన పెట్టి చదవండి. ఆ పని చేయకపోతే సర్టిఫికెట్ ఎంత బాగున్నా అది ఏ బార్‌దో మీకు తెలీదు. వేర్వేరు హీట్లకు రసాయన విశ్లేషణ అంకెలన్నీ చివరి దశాంశం దాకా ఒకేలా ఉంటే ఆ కాగితం మీద అనుమానం రావాలి. రెండు హీట్లు అన్ని మూలకాల్లోనూ అంత కచ్చితంగా కలవవు. మీ సొంత స్టోర్స్‌లో జరిగేది కూడా గమనించండి: బార్ కోసేటప్పుడు హీట్ నంబర్ ఉన్న చివరనే ముందు కోసి వాడేస్తారు. మిగిలిన ముక్క మీద పేరూ ఊరూ ఉండదు. కోతకు ముందే నంబరును మిగిలే ముక్క మీదికి మార్చి గుద్దాలన్న నియమం పెట్టండి.

ప్రశ్న: మా ప్లాంటుకు ద్రవ ముడిసరుకులు డ్రమ్ముల్లో వస్తాయి. మొత్తం డ్రమ్ముల సంఖ్యకు వర్గమూలం కట్టి, దానికి ఒకటి కలిపి, వచ్చినంత సంఖ్యలోనే డ్రమ్ములు తెరిచి శాంపిల్ తీస్తాం. ఆడిటర్ వచ్చి ప్రతి డ్రమ్మూ తెరవాలంటున్నారు. అంత పని అవసరమా?
– ఒక క్యూసీ (నాణ్యతా తనిఖీ) ల్యాబ్ అసిస్టెంట్

జవాబు: 'ఈ డ్రమ్ములో ఉన్నది లేబుల్ మీద రాసిందేనా' అన్న ప్రశ్నకైతే అవసరమే. 25 డ్రమ్ములు వచ్చాయనుకోండి. మీ సూత్రం ప్రకారం 6 తెరుస్తారు. ఆ 25లో ఒకే ఒక్క డ్రమ్ములో వేరే పదార్థం ఉంటే, అది మీరు ముట్టని 19లో ఉండే అవకాశం 100కు 76. సరుకంతా ఒకేలా ఉందని ముందే తెలిసినప్పుడు సగటు నాణ్యత చూడటానికి ఆ వర్గమూలం సూత్రం పనికొస్తుంది. మారిపోయిన డ్రమ్మును పట్టుకోవడానికి పనికిరాదు. తీసిన శాంపిళ్లన్నీ ఒకే సీసాలో కలిపి పరీక్షించే అలవాటు మీ దగ్గర ఉంటే దాన్ని కూడా మానేయండి. కలిపితే చెడ్డ డ్రమ్ము జాడ మిగతావాటిలో పలచబడిపోతుంది.

ఈ మాట ఇంత గట్టిగా చెప్పడానికి కారణం ఉంది. గ్లిజరిన్, డైఇథిలీన్ గ్లైకాల్ రెండూ రంగులేని చిక్కటి ద్రవాలు, రెండూ తియ్యగా ఉంటాయి. ఒకటి మందుల్లో వాడేది, రెండోది కిడ్నీలను దెబ్బతీసే విషం. 1937లో అమెరికాలో ఒక సల్ఫా మందును డైఇథిలీన్ గ్లైకాల్‌లో కరిగించి అమ్మారు. వంద మందికి పైగా చనిపోయారు, అందులో పిల్లలు చాలామంది. ఆ మరుసటి ఏడాది అక్కడ మందుల చట్టం మారింది. 2006లో పనామాలో గ్లిజరిన్ పేరుతో వచ్చిన డ్రమ్ముల్లో ఇదే పదార్థం దగ్గుమందులోకి వెళ్లింది. ఆ సరుకు తయారైన చోటు నుంచి పలువురు వ్యాపారుల చేతులు మారింది. చేయి మారినప్పుడల్లా కాగితం కొత్తగా తయారైంది, లోపల ఉన్నదాన్ని దారిలో ఎవరూ పరీక్షించలేదు. 2022లో గాంబియాలో పిల్లలకు వాడిన సిరప్‌లలో ఇదే డైఇథిలీన్ గ్లైకాల్, ఇథిలీన్ గ్లైకాల్ ఉన్నాయని ప్రపంచ ఆరోగ్య సంస్థ హెచ్చరించింది. 1937 నాటి పాఠం 2022లో కూడా పిల్లల ప్రాణాలతో నేర్చుకోవాల్సి రావడం నాకు మింగుడుపడని విషయం. ఆ డ్రమ్ములు వాడే చోట ఒక మనిషి కూర్చుని ఒక్కో డ్రమ్ముకూ గుర్తింపు పరీక్ష చేసి ఉంటే చాలు.

అయితే ఏ పరీక్ష? సాంద్రత చూస్తే సరిపోతుందా? గ్లిజరిన్ సాంద్రత సుమారు 1.26, డైఇథిలీన్ గ్లైకాల్‌ది సుమారు 1.12. డ్రమ్ము మొత్తం మారిపోతే ఇది పట్టిస్తుంది. కానీ గ్లిజరిన్‌లో డైఇథిలీన్ గ్లైకాల్‌కు అమెరికా ఫార్మకోపియా (మందుల ప్రమాణాల గ్రంథం) పెట్టిన హద్దు 0.10 శాతం. అంత కొంచెం కలిస్తే సాంద్రతలో వచ్చే తేడా, గ్లిజరిన్ పీల్చుకున్న తేమ వల్ల వచ్చే తేడాలో కలిసిపోతుంది. దానికి గ్యాస్ క్రొమటోగ్రఫీ కావాల్సిందే.

2008లో చైనాలో పాలపొడి విషయంలో జరిగిందీ పరీక్ష గుడ్డితనం వల్లే. ప్రోటీన్‌ను నేరుగా కొలవకుండా నైట్రోజన్ కొలిచి, దాన్నుంచి ప్రోటీన్ లెక్కగట్టే పరీక్ష వాడేవారు. మెలమైన్ బరువులో మూడింట రెండొంతులు నైట్రోజనే. నీళ్లు కలిపిన పాలలో అది కలిపితే పరీక్షలో ప్రోటీన్ నిండుగా కనబడింది. పసిపిల్లల కిడ్నీల్లో రాళ్లు ఏర్పడ్డాయి. మీ ల్యాబ్‌లో ఉన్న ఒక్కో పరీక్ష ముందూ నిలబడి, ఇది అసలు దేన్ని కొలుస్తోంది, ఇంకేం కలిపినా ఇదే అంకె వస్తుందా అని ఒకసారి అడిగి చూడండి.

ప్రశ్న: మేడమ్, నేను క్యూసీలో ట్రైనీని. రోజంతా బోల్టులు కళ్లతో చూసి ఏరడమే నా పని. నేను 'ఓకే' అని పంపినవాటిలో కూడా పగుళ్లు ఉన్నాయని లైన్‌వాళ్లు తెచ్చి చూపిస్తున్నారు. శ్రద్ధ లేదని అందరి ముందూ అంటున్నారు. నాలోనే లోపం ఉందా?

జవాబు: లేదమ్మా. మీకిచ్చిన పనిలో లోపం ఉంది. నార్మన్ మాక్‌వర్త్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త 1948లో ఒక ప్రయోగం వివరాలు ప్రచురించారు. గడియారం ముల్లులాంటి దాన్ని చూస్తూ, అది అరుదుగా వేసే పెద్ద అంగను పట్టుకోమని మనుషుల్ని కూర్చోబెట్టారు. మొదటి అరగంట గడిచేసరికే పట్టుకోవడం బాగా తగ్గిపోయింది. అక్కడ కూర్చున్నవాళ్లకు శ్రద్ధ లేక కాదు. అరుదుగా వచ్చేదాని కోసం ఎదురుచూస్తూ ఉండటం మనిషి మెదడుకు అంత కష్టం.

మీ పై అధికారికి ఈ జవాబు చూపించండి. అరగంటకోసారి మనిషిని మార్చాలి, ఆ మధ్యలో మీకు వేరే పని ఇవ్వాలి. బల్ల మీద దీపం పైనుంచి కాకుండా పక్కనుంచి వాలుగా పడితే పగులు నీడ పడి కనబడుతుంది. 'ఇంతవరకు ఒప్పుకోవచ్చు, ఇది దాటితే రిజెక్ట్' అని ఇరుపక్షాలూ సంతకం చేసిన హద్దు శాంపిళ్లు మీ కళ్ల ముందు ఉండాలి. ఏరడానికి కూర్చున్న ఇద్దరికి రెండు రకాల తీర్పులు వస్తున్నాయంటే చాలాసార్లు కారణం ఆ శాంపిల్ లేకపోవడమే. అప్పుడప్పుడు తెలిసిన చెడ్డ పీసులను గుర్తుపెట్టి కుప్పలో కలిపి, ఎన్ని దొరికాయో చూస్తే, ఆ తనిఖీ పద్ధతి ఎంత బలమైనదో అందరికీ తెలుస్తుంది. ఒకరిని తిట్టడానికి మాత్రం ఆ అంకెను వాడకూడదు.

బోల్టుల గురించి అడిగారు కాబట్టి ఇంకొకటి. 12.9 గ్రేడు (చాలా ఎక్కువ బలమున్న) బోల్టుల మీద జింక్ ఎలక్ట్రోప్లేటింగ్ ఉంటే, యాసిడ్‌తో కడగడంలోనూ, ప్లేటింగ్‌లోనూ ఉక్కులోకి హైడ్రోజన్ చేరవచ్చు. ప్లేటింగ్ అయిన కొద్ది గంటల్లోపే 200 డిగ్రీల సెల్సియస్ దగ్గర్లో చాలాసేపు బేకింగ్ చేయకపోతే అది లోపలే ఉండి ఉక్కును పెళుసు చేస్తుంది. ఆ బోల్టు మీ బల్ల మీద ఏ లోపమూ చూపదు. కొలతలు సరి, గట్టిదనం సరి, మెరుపు సరి. బిగించాక, బరువు మీద కొన్ని గంటలో, ఒకటి రెండు రోజులో ఉండి తల ఊడిపోతుంది. మీరు ఎంత కళ్లు చించుకుని చూసినా కనిపించని లోపం అది. అక్కడ అడగాల్సింది బేకింగ్ చార్టు: ఫర్నేస్‌లో పెట్టిన టైము, తీసిన టైము, ఉష్ణోగ్రత గీత. దాంతో పాటు శాంపిల్ బోల్టులను బిగించి వదిలేసి చూసే పరీక్ష. ఆ చార్టు తెప్పించమని పై అధికారిని అడిగే హక్కు ట్రైనీకి కూడా ఉంది.

ప్రశ్న: షాఫ్టులు సప్లయర్ దగ్గర కొలిస్తే పాస్, మా దగ్గర కొలిస్తే ఫెయిల్. నెలనెలా ఇదే గొడవ. ఎవరి మైక్రోమీటర్ నిజం?
– ఇద్దరి మధ్య నలిగిపోతున్న సూపర్‌వైజర్

జవాబు: రెండు మైక్రోమీటర్లూ నిజమే అయ్యుండొచ్చు. ముందు ఉష్ణోగ్రత చూడండి. డ్రాయింగ్ మీది కొలతలన్నీ 20 డిగ్రీల సెల్సియస్ దగ్గరివి. ఉక్కు ఒక్కో డిగ్రీకి మీటరుకు సుమారు 11.5 మైక్రాన్లు పెరుగుతుంది. 100 మిల్లీమీటర్ల వ్యాసమున్న షాఫ్టు ఎండలో ఉన్న లారీలోంచి 40 డిగ్రీల వేడితో దిగిందనుకోండి, అది 23 మైక్రాన్లు లావుగా ఉంటుంది. మీ టాలరెన్స్ (కొలతలో ఒప్పుకునే తేడా) 20 మైక్రాన్లయితే కథ అక్కడే అయిపోయింది. దింపిన షాఫ్టును కొలత గదిలో, ఇనుప సర్ఫేస్ ప్లేట్ మీద, గది వేడికి వచ్చేదాకా ఉంచాకే ముట్టుకోండి.

తర్వాత మీ కొలత పద్ధతినే పరీక్షించండి. అవే పది షాఫ్టులను ఇద్దరు ముగ్గురు మనుషులు, ముందటి అంకె చూడకుండా, రెండు మూడుసార్లు కొలవాలి. దీన్నే గేజ్ ఆర్ అండ్ ఆర్ అంటాం. కొలతలో వచ్చే తేడా టాలరెన్స్‌లో 10 శాతం లోపుంటే బాగున్నట్టు, 30 శాతం దాటితే ఆ పద్ధతితో ఎవరి సరుకునూ రిజెక్ట్ చేయకూడదు. సప్లయర్‌ను కూడా ఇదే చేయమనండి.

అప్పటికీ తేడా వస్తుంటే షాఫ్టు ఆకారం మీద అనుమానపడండి. సెంటర్‌లెస్ గ్రైండింగ్ చేసిన షాఫ్టులు ఒక్కోసారి మూడు ఉబ్బులతో తయారవుతాయి. మైక్రోమీటర్ ఎదురెదురు రెండు బిందువుల మధ్యే కొలుస్తుంది కాబట్టి, ఉబ్బుకు ఎదురుగా పల్లం వచ్చి, ఎటు తిప్పినా ఒకే అంకె చూపిస్తుంది. ఆ అంకె చూసి సప్లయర్ పాస్ చేస్తాడు, మీ రింగ్ గేజ్‌లోకి (షాఫ్టు దూరాల్సిన గుండ్రటి రంధ్రమున్న గేజ్) మాత్రం షాఫ్టు దూరదు. 60 డిగ్రీల వీ-బ్లాక్‌లో పెట్టి, పైన డయల్ ఆనించి, మెల్లగా తిప్పండి. ముల్లు ఒక చుట్టుకు మూడుసార్లు లేచి పడితే మీ గొడవకు కారణం దొరికినట్టే. విలియం టేలర్ 1905లోనే చెప్పిన సూత్రం ఇది: గో గేజ్ (పీస్ సరిపోవాల్సిన గేజ్) మొత్తం ఆకారాన్ని ఒక్కసారిగా చూడాలి, నో-గో గేజ్ (సరిపోకూడని గేజ్) ఒక్కో కొలతను విడిగా చూడాలి.

ప్రశ్న: రిజెక్ట్ అని ట్యాగ్ కట్టిన సరుకును 'లైన్ ఆగిపోతోంది, ఈ ఒక్కసారికి' అని ఫోన్ చేసి తీసుకుపోతున్నారు. ఏం చేయాలి?

జవాబు: తాళం వేసిన హోల్డ్ ఏరియా ఉండాలి, తాళంచెవి ప్రొడక్షన్ దగ్గర ఉండకూడదు. హద్దు దాటిన సరుకును వాడే సందర్భాలు నిజంగానే వస్తాయి, దానికి కన్సెషన్ అనే దారి ఉంది. ఆ పీస్ ఎక్కడ ఏ పని చేస్తుందో తెలిసిన డిజైన్ ఇంజనీరు సంతకం చేయాలి. ఎన్ని పీసులు, ఏ తేదీ దాకా, ఏ ఉత్పత్తి సీరియల్ నంబర్లలోకి వెళ్లాయి అన్నది కాగితం మీద ఉండాలి. ఫోన్‌లో చెప్పిన మాటకు సరుకు కదలకూడదు. కన్సెషన్ అడిగిన ప్రతిసారీ లెక్క రాసుకోండి. ఒకే కొలత మీద పదే పదే వస్తుంటే సప్లయర్ ప్రాసెస్ అన్నా మారాలి, డ్రాయింగ్‌లో టాలరెన్స్ అన్నా మారాలి.

ప్రశ్న: ఒక సప్లయర్ నుంచి చాలాకాలంగా ఒక్క రిజెక్షన్ లేదు. తనిఖీ ఎత్తేసి నేరుగా లైన్‌కు పంపుదామని మేనేజ్‌మెంట్ అంటోంది. ఒప్పుకోవచ్చా?

జవాబు: ఒప్పుకోవచ్చు, లెక్క చూసి. నాణ్యతా నిపుణుడు ఎడ్వర్డ్స్ డెమింగ్ చెప్పిన కొలమానం సులువుగా ఉంటుంది. ఒక పీస్‌ను తనిఖీ చేయడానికయ్యే ఖర్చును, చెడ్డ పీస్ లోపలికి వెళ్లి బిగించాక దాన్ని విప్పి మార్చడానికయ్యే ఖర్చుతో భాగించండి. విప్పి మార్చడం తనిఖీ కన్నా 500 రెట్లు ఖరీదైతే ఆ భాగహారం 0.2 శాతం. సప్లయర్ ప్రాసెస్ స్థిరంగా ఉండి, వచ్చే లాట్లలో చెడ్డవి అంతకన్నా తక్కువేనని రికార్డు చెబితే తనిఖీ దండగ ఖర్చు. ఎక్కువైతే ప్రతి పీస్ చూడాలి. చెడ్డ పీస్ మనిషి ప్రాణానికి ముప్పు తెచ్చేదైతే ఆ ఖర్చుకు అంకె వేయడం కుదరదు, అక్కడ ఈ లెక్క వాడకండి.

ఇక్కడ జాగ్రత్త పడాల్సింది ఒకటుంది. 'ఒక్క రిజెక్షన్ లేదు' అన్న రికార్డు ఆ సప్లయర్ పాత మెషీన్ మీద, పాత ముడిసరుకుతో, పాత షెడ్డులో సంపాదించింది. వాటిలో ఏది మారినా ఆ రికార్డు కొత్త సరుకుకు వర్తించదు. అందుకే తనిఖీ ఎత్తేసే ముందు కొనుగోలు ఒప్పందంలో ఒక షరతు రాయించండి: ముడిసరుకు ఇచ్చేవాడిని మార్చినా, డై మార్చినా, హీట్ ట్రీట్‌మెంట్ గానీ ప్లేటింగ్ గానీ బయటికి ఇచ్చినా, మెషీన్ వేరే చోటికి తరలించినా సరుకు పంపేముందే రాతపూర్వకంగా తెలపాలి. అలా తెలిపిన తర్వాత వచ్చే మొదటి లాట్‌లో కొన్ని పీసులను డ్రాయింగ్ మీది ప్రతి కొలతకూ చూడాలి, ఆ వెనక వచ్చే ఐదు లాట్లు మళ్లీ మామూలు తనిఖీ గుండానే లోపలికి రావాలి.